బలం బిళ్ళలు

అనంతగిరి ఘాటు ఎక్కాక, అరకు వెళ్ళే దారికి కొంచెం లోపలగా, కాఫీ తోటల పక్కన ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. ఒక ట్రస్టువాళ్ళు నడిపేవారు. తొంభైల మధ్యలో, ఫార్మసీ డిప్లొమా పూర్తయిన వెంటనే, విజయనగరం పక్క పల్లె నుంచి వెళ్ళి అక్కడ మందులిచ్చే పనిలో చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. నేను నర్సును కాదు. కానీ తెల్లకోటు వేసుకుంటాను కాబట్టి అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవారు. నేనూ దిద్దలేదు. ఆ పిలుపు నాకు బాగుండేది.

నా గదికి ఒక చిన్న కిటికీ. అందులోంచి చెయ్యి బయటికి పెట్టి మందుల పొట్లాలు ఇచ్చేదాన్ని. వచ్చేవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. అందుకని పొద్దున వేసుకునే మాత్రల పొట్లం మీద సూర్యుడి బొమ్మ, రాత్రివాటి మీద చందమామ బొమ్మ గీసేదాన్ని. ఇంతకు మించి చెప్పడానికి తీరిక దొరికేది కాదు. దొరికేది కాదు అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె మొదటిసారి ఆ కిటికీ దగ్గరికి వచ్చింది వానాకాలంలో. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. ఆసుపత్రికి గంటన్నర నడక దూరంలో వాళ్ళ ఊరు. ఇంట్లో భర్త, మామ, ఇద్దరు పిల్లలు. కొండవాలులో చోళ్ళు (రాగులు), సామలు, కాస్త అల్లం పండించేవారు. కాఫీ పండే రోజుల్లో తోటలకు కోతకు వెళ్ళేవారు. ఇంట్లో వాళ్ళ భాష వాళ్ళు మాట్లాడుకున్నా, మాతో తెలుగే మాట్లాడేది.

మొదటిసారి తలనొప్పి అంది. వారం తిరక్కుండా ఒళ్ళు నొప్పులంది. తర్వాత నిద్ర లేదంది, ఆకలి లేదంది, గుండెల మీద రాయి పెట్టినట్టు ఉందంది. అప్పట్లో వారానికి రెండు రోజులు వచ్చే పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాసేవాడు. ఆయన లేని రోజుల్లో నేనే బి-కాంప్లెక్సు ఇచ్చి పంపేసేదాన్ని.

"మళ్ళీ ఏటి?" అనేదాన్ని ఆమెను చూడగానే.

"ఒల్లు బాగునేదు సిస్టరమ్మా."

"ఒల్లు ఎవరికి బాగున్నాది? పన్లోకెళ్తే అదే సర్దుకుంటాది."

లైన్లో వాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆమె కూడా నవ్వినట్టు పెదాలు కదిపి, పొట్లం కొంగున ముడేసుకుని వెళ్ళిపోయేది. గంటన్నర వచ్చి, గంటన్నర వెళ్ళేది. ఒకసారి మందు తీసుకున్నాక కూడా వెళ్ళకుండా, చూరు కింద మధ్యాహ్నం దాకా కూర్చుండిపోయింది. మా ఆయా వెళ్ళి లేపితే, "లెగుతాను, లెగుతాను" అంటూ ఇంకో గంట కూర్చుంది. సోమరి మనిషి అనుకున్నాను. ఆయాతో అన్నాను కూడా.

ఆ చలికాలంలో మాకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. గుంటూరు వైపు మనిషి, ఎంబీబీఎస్ ముగించి నేరుగా మా దగ్గరికే వచ్చింది. ఆమె వచ్చిన రెండో వారంలోనే ఈమె మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మ ఆమెను నిలబెట్టి చూడలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, మాట అర్థం కాకపోతే చెప్పమని నన్ను పక్కన ఉంచుకుంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"చోళ్ళు నాటినకాడ్నించి."

"ఇంట్లో ఏమైనా జరిగిందా? ఎవరైనా పోయారా? నీ భర్త కొడతాడా?"

"నేదమ్మా. ఆడు మంచోడే. పిల్లలు బాగున్నారు. ఏటీ జరగనేదు." మళ్ళీ తనే అంది: "ఏటీ జరక్కుండా ఇలగెందుకున్నానో నాకే తెల్దు. అదే బెంగ."

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

ఆ ప్రశ్న ఆమెకు అర్థమయ్యేలా చెప్పమని డాక్టరమ్మ నా వైపు చూసింది. నాకు అలాంటివి అడగొచ్చా అనిపించింది. అవసరం కూడా లేకపోయింది. ఆమెకు అర్థమైంది.

"వాగు గట్టున నిలబడిపోతానమ్మా ఒకొక్కపాలి. ఎనక్కి రాడానికి ఓపిక సాలదు."

నేను అయిదు నెలలుగా బి-కాంప్లెక్సు ఇస్తున్న మనిషి ఆమె.

డాక్టరమ్మ ఆమెను బయట కూర్చోమని చెప్పి, నాతో చాలాసేపు మాట్లాడింది. దీన్ని డిప్రెషన్ అంటారని, ఒంటి నొప్పుల రూపంలో బయటపడుతుందని, ఏ కారణమూ లేకుండా కూడా వస్తుందని చెప్పింది. విశాఖపట్నం నుంచి తెప్పించిన అమిట్రిప్టిలిన్ మాత్రలు అలమారలో ఉన్నాయి. అంతకుముందే అవే మాత్రలు తక్కువ మోతాదులో, పార్శ్వపు తలనొప్పి ఉన్న ఒక టీచరుకి, అరికాళ్ళలో మంటలతో బాధపడే షుగర్ పేషెంటు ఒకాయనకి రాసింది. అందుకని ఆ మాత్ర నాకు పెద్ద విశేషంగా అనిపించలేదు.

"జాగ్రత్తగా విను," అంది. "ఇది మనసుకు వచ్చిన జబ్బు అని, ఇది ఆ జబ్బుకి మందు అని చెప్పు. ఈ రోజు వేసుకుంటే రేపు తగ్గదు, రెండు మూడు వారాలు పడుతుంది. నోరు ఎండిపోతుంది, మగతగా ఉంటుంది, లేచేటప్పుడు కళ్ళు తిరగొచ్చు. బాగుంది కదా అని మానెయ్యకూడదు. పిల్లలకు అందకుండా పెట్టమను. అన్నిటికంటే ముఖ్యం, ఇంకెవరికీ ఇవ్వకూడదు. నా మాట ఆమెకు సగమే అందుతోంది. నువ్వైతే బాగా చెప్తావు."

అలాగే అన్నాను.

కిటికీ దగ్గర ముప్పై మంది ఉన్నారు. ఆ రోజు సంత కూడా. అందరికీ తొందరే. ఆమె చెయ్యి చాపింది. నేను పొట్లం మీద చందమామ గీసి ఇచ్చాను.

"ఇయ్యేటి సిస్టరమ్మా?"

"బలం బిళ్ళలు. రేత్రి పడుకునేముందు ఒకటి. ఒకటే. నెల పోయాక రా."

అంతే. మనసు జబ్బు అంటే ఆమెను ఊళ్ళో పిచ్చిదంటారేమో, భర్త వదిలేస్తాడేమో అని ఆలోచించి అలా చెప్పానని తర్వాత నాకు నేను ఒక కథ అల్లుకున్నాను. మా పల్లెలో అలాంటి ముద్ర పడిన ఒక ఆవిడను చిన్నప్పుడు చూశాను కాబట్టి ఆ కథ నాకే నమ్మకంగా ఉండేది. కానీ ఆ క్షణంలో నా బుర్రలో అదేమీ లేదు. లైను పెద్దదిగా ఉంది. బలం బిళ్ళ అంటే ఎవరూ మళ్ళీ ప్రశ్న వెయ్యరు. నిజం ఇంతే.

నెల తిరిగాక వచ్చింది. దూరం నుంచి గుర్తుపట్టలేదు. తలకు నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని, కొప్పులో ఏదో పసుపుపచ్చ అడవిపూవు పెట్టుకుంది. పెద్దగా మారిపోయిందని కాదు గానీ, నడకలో కాళ్ళు ఈడ్చడం లేదు. అడ్డాకులో చుట్టి కొన్ని రాజ్మా గింజలు తెచ్చి కిటికీలోంచి నా చేతిలో పెట్టింది.

"రేత్రి నిద్రొత్తంది. కాఫీ కోతకి ఎల్తన్నాను. నీ బలం బిళ్ళలు మంచియి సిస్టరమ్మా."

నీ బలం బిళ్ళలు అంది. డాక్టరమ్మవి అనలేదు. నేను ఆ మెప్పు తీసుకున్నాను, రాజ్మా కూడా తీసుకున్నాను. ఆ రోజు డాక్టరమ్మ నన్ను పిలిచి, "బాగా చెప్పినట్టున్నావు, ఒక్క రోజు కూడా మానలేదట," అని మెచ్చుకుంది. దానికీ తల ఊపాను.

అయిదారు నెలలు అలా నెలనెలా వచ్చింది. ఎండాకాలం చివర్లో ఒకసారి మందు తీసుకుంటూ అడిగింది.

"మా మావకి జొరం వొచ్చి తగ్గినాది. లెగనేకపోతన్నాడు. ఆడికి కూడా బలం బిళ్ళలు ఇత్తావేటి?"

ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ స్పష్టంగా ఉంది. మాట మార్చుకోవడానికి నాకు దొరికిన అవకాశం అది. అప్పుడైనా 'ఇది బలానికి కాదు, ఇది నీ ఒక్కదానికే' అని ఉంటే సరిపోయేది. నేను నవ్వి, "ముసలోడికి ఇప్పుడు బలమెందుకే?" అన్నాను. ఆమె కూడా నవ్వేసింది. నేను పక్కవాళ్ళ చీటీ అందుకున్నాను.

వానలు మొదలైతే ఆ ఊరి దారిలో వాగు పొంగుతుందని డాక్టరమ్మ ఆమెకు ఆ నెల రెండు నెలల మందు ఒకేసారి ఇమ్మంది. ఇచ్చాను.

ఆషాఢంలో ఒక రోజు పొద్దెక్కాక నలుగురు మగవాళ్ళు డోలీ మోసుకుంటూ వచ్చారు. కర్రకు దుప్పటి కట్టి, అందులో ముసలాయనను పడుకోబెట్టి, మోకాళ్ళ లోతు వాగు దాటి తెచ్చారు. అందరూ తడిసి ముద్దయ్యారు. వెనకాల ఆమె, ఆమె భర్త. ముసలాయన ఆమె మామ. కళ్ళు తెరిచే ఉన్నాడు గానీ ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. గాలిలో ఏదో పట్టుకోబోతున్నట్టు వేళ్ళు కదుపుతున్నాడు. పొత్తికడుపు ఉబ్బి ఉంది. తెల్లవారుజామున లేచి బయటికి వెళ్ళబోయి, అరుగు మీంచి పడ్డాడట. కుడి తొడ వాచి, కాలు వంకరగా పక్కకు తిరిగిపోయింది.

డాక్టరమ్మ ముందు గొట్టం వేసి మూత్రం తీసింది. ఎంతసేపటికీ వస్తూనే ఉంది. రెండు రోజులుగా ఆగిపోయిందని కొడుకు చెప్పాడు.

"ఏదైనా మందు వేసుకున్నాడా? నాటు మందు, మాత్రలు, ఏదైనా?"

"ఏటీ నేదమ్మా," అన్నాడు కొడుకు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూస్తోంది. సెలైన్ సీసా తేవడానికి నేను మందుల గదిలోకి వెళ్తే నా వెనకే వచ్చింది. కొంగు ముడి విప్పి పొట్లం చూపించింది. నేను గీసిన చందమామ తడికి చెదిరిపోయి ఉంది.

"మావకి బలం రావాలని నా బిళ్ళలిచ్చాను. రోజుకి రెండేసి. వారం నుంచి ఇత్తన్నాను. దీనివల్లేనేటి సిస్టరమ్మా?"

సీసా పట్టుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ నేను చేసిన పని రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"మేడమ్, ఆవిడ తన మాత్రలు మామకి ఇచ్చిందట. ఎవరికీ ఇవ్వొద్దని నేను చెప్పాను," అన్నాను.

గదిలో ఆమె భర్త ఉన్నాడు. డోలీ మోసిన వాళ్ళు గుమ్మంలో ఉన్నారు. అందరూ విన్నారు. డాక్టరమ్మ వయసు మళ్ళినవాళ్ళకు ఆ మాత్ర మూత్రం బిగబట్టేస్తుందని, మతి తప్పిస్తుందని, లేచి నిలబడితే పడేస్తుందని నాకు మెల్లగా చెప్పి, ఆమె వైపు తిరిగింది. కోప్పడలేదు. అలసిపోయిన గొంతుతో అడిగింది.

"సిస్టర్ చెప్పింది కదమ్మా, ఇవ్వకూడదని?"

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా చూసింది.

"సెప్పిందమ్మా," అంది. "నేనే మర్సిపోనాను."

అబద్ధం చెప్పడం ఒక తప్పు. నా అబద్ధాన్ని ఆమె తన నెత్తిన వేసుకుంటుంటే నిలబడి చూడడం ఇంకొకటి. రెండూ ఒకే గదిలో, అయిదు నిమిషాల్లో జరిగాయి.

ముసలాయనను జీపులో విశాఖ పెద్దాసుపత్రికి పంపించాం. మందు ప్రభావం మూడు నాలుగు రోజుల్లో పోయింది, మతి తిరిగి వచ్చింది. తొడ ఎముక మాత్రం సరిగా అతకలేదు. నెలన్నర తర్వాత ఇంటికి తెచ్చారు. కర్ర పట్టుకుని అరుగు దాకా నడవగలిగేవాడు, అంతకు మించి లేదు. కొండవాలు పొలానికి మళ్ళీ వెళ్ళలేదు.

ఆమె ఆసుపత్రికి రావడం మానేసింది. మిగిలిన మాత్రలన్నీ భర్త వాగులో పారేశాడని ఆయా ద్వారా తెలిసింది. మామను కుంటివాణ్ణి చేసిందని ఆడపడుచు ఆమెతో మాట్లాడటం లేదని కూడా తెలిసింది. డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది నన్ను. "ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదు. నువ్వొకసారి వాళ్ళ ఊరు వెళ్ళి చూసి రాగలవా?" వాగు తగ్గలేదన్నాను మొదటిసారి. రెండోసారి నాకు జ్వరమన్నాను. మూడోసారి ఆమె నన్ను అడగలేదు, తనే గొడుగు వేసుకుని ఆయాను వెంటబెట్టుకుని వెళ్ళింది. భర్త గుమ్మంలోంచే పంపించేశాడట. మరుసటి ఏడాది డాక్టరమ్మ పై చదువుకు వెళ్ళిపోయింది. ఇంకో ఏడాదికి నాకు పెళ్ళి కుదిరి, నేనూ కొండ దిగి విజయనగరం వచ్చేశాను.

తర్వాత ఏడెనిమిదేళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు కూడా. ఒక మందుల షాపులో పని చేశాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను. రెండో పాపకు రెండేళ్ళు నిండాక నాకు నిద్ర పట్టడం మానేసింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. షాపులో కస్టమరు చీటీ ఇస్తే అక్షరాలు చూస్తూ నిలబడిపోయేదాన్ని. మా అత్తగారు "ఏమైందే నీకు, ఏం తక్కువైంది?" అని అడిగేవారు. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఏమీ కాలేదు, ఏమీ తక్కువ లేదు. ఆ జవాబు ఇంతకు ముందు ఎక్కడో విన్నానని ఒక రోజు స్నానాల గదిలో గుర్తొచ్చింది.

నా భర్త మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన వయసులో నాకంటే చిన్న. ఫ్లూక్సెటిన్ రాశాడు. అప్పటికి ఆ కొత్త రకం మందులు మా షాపులోనే బాగా అమ్ముడుపోతుండేవి. బెంగకే కాదు, ఊరికే గుండెదడ వచ్చి చచ్చిపోతామని భయపడేవాళ్ళకి, చేతులు కడిగిందే కడిగేవాళ్ళకి కూడా అవే రాసేవారు. నేను ఫార్మసిస్టునని చెప్పినా ఆయన వినిపించుకోలేదు. ఎవరికైనా చెప్పినట్టే మొదట్నుంచీ చెప్పాడు. ఎన్ని వారాలకు పని చేస్తుంది, మొదట్లో వికారం ఎలా ఉంటుంది, ఎందుకు మధ్యలో మానకూడదు. చివర్లో, "పిల్లలకు అందకుండా పెట్టండి. ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వకండి," అన్నాడు.

అదంతా చెప్పడానికి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది. గోడ మీద గడియారం చూశాను నేను. నాలుగంటే నాలుగే నిమిషాలు. అక్కడే ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో అడిగితే మొత్తం చెప్పాను. నా భర్త పక్కనే ఉన్నాడు. అతనికీ అదే మొదటిసారి.

"ఈ జబ్బులో తప్పంతా తనదేనని అనిపించడం కూడా ఒక లక్షణం," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు ఏ నిర్ణయమూ వద్దు. మందు పని చెయ్యనివ్వండి. ఆ తర్వాత కూడా ఇలాగే అనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం."

మందు పని చేసింది. రెండు నెలలకు నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది. నేను చెడ్డ తల్లినని, షాపులో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారని, నా వల్లే ఇంట్లో అందరూ పాడైపోతున్నారని అప్పటిదాకా అనుకున్నవన్నీ ఒక్కొక్కటే ఊడిపోయాయి. అవి జబ్బు తెచ్చినవి. మబ్బు విడిపోయినట్టు పోయాయి. కొండమీది సంగతి మాత్రం పోలేదు. ఎంత బాగుపడితే అంత స్పష్టంగా కనిపించింది. అది జబ్బు కాదని, నాదేనని అప్పుడు తెలిసింది. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పాను. ఆయన పెన్ను తిప్పుతూ, "అయితే దానికి నా దగ్గర మందు లేదమ్మా," అన్నాడు.

ఆ కార్తీకంలో వెళ్ళాను. శృంగవరపుకోటలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. సొరంగాలు దాటుతుంటే పెట్టెలో విహారానికి వచ్చిన పిల్లలు కేకలు వేస్తున్నారు. నాకు మాత్రం రైలు ఎక్కడైనా ఆగిపోతే బాగుండుననిపించింది. ఆగలేదు. స్టేషన్లో దిగి, ఒకప్పుడు వాగని, జ్వరమని చెప్పి ఎగ్గొట్టిన దారిలో మొదటిసారి నడిచాను. వాగు మీద ఇప్పుడు చిన్న కల్వర్టు కట్టారు.

ఆమె ఇంటి ముందు పరదా పట్ట మీద అల్లం ఆరబోస్తోంది. జుట్టు చాలావరకు నెరిసింది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది.

"సిస్టరమ్మవు కదేటి? సిక్కిపోనావు."

అరుగు మీద కూర్చోమంది. మామ ఎలా ఉన్నాడని అడిగాను. నాలుగేళ్ళ కిందట పోయాడంది, దగ్గుతో. అంతదాకా ఆ కాలితోనే ఉన్నాడంది.

"అక్కా," అన్నాను. అంతకు ముందు ఎప్పుడూ ఆమెను అలా పిలవలేదు. "ఆ రోజు నేను నీకు బలం బిళ్ళలని చెప్పాను. అవి బలానికి కాదు. ఎవరికీ ఇవ్వొద్దని డాక్టరమ్మ నాకు చెప్పింది. నేను నీకు చెప్పలేదు."

"తెలుసు," అంది అల్లం ముక్కలు తిప్పుతూనే.

మందు ఆగాక రెండేళ్ళు చాలా కష్టపడిందట. మళ్ళీ వాగు గట్టు దాకా వెళ్ళేదట. మాత్రలు అయిపోయిన అట్ట ఒకటి ఆమె దగ్గర ఉండిపోయింది. పొట్లంలో ఎప్పుడో నేను అట్టతోనే పెట్టి ఇచ్చిందేమో. దాన్ని తీసుకుని, భర్తకు చెప్పకుండా, అల్లం అమ్మడానికని కొండ దిగి శృంగవరపుకోటలో ఒక ఆసుపత్రికి వెళ్ళింది. అట్ట చూపించి, "ఈ బలం బిళ్ళలు కావాల," అంది.

"ఆ డాక్టరు సదివి నవ్వినాడు. ఇది బలం బిళ్ళ కాదు, బుర్రకి మందన్నాడు. ఎవులు సెప్పారు నీకు బలానికని, అన్నాడు. నేను సెప్పనేదు."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? సానా దినాలు ఉన్నాది. మావ కాలు సూసినప్పుడల్లా ఉన్నాది." చేతులు దులుపుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఆ దినం నువ్వు సెప్పావని ఎందుకన్నానో తెల్సా? మందిచ్చేది నువ్వే. నీ ఉద్దోగం పోతే నాకు మందెవులిత్తారని. అంతే. నీ మీద జాలితో కాదు."

నేను ఆమెను దయగల మనిషిగా చేసుకుని ఇన్నేళ్ళూ తలుచుకున్నాను. ఆమె దయ చూపిందనుకుంటే నాకు సులువుగా ఉండేది. ఆమె తన మందును కాపాడుకోవాలని చూసింది. అదీ దక్కలేదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"మా ఆయనికి సెప్పు. మా ఆడబిడ్డకి సెప్పు. నేను సెప్తే నమ్మరు."

భర్త తోటలోంచి వచ్చేదాకా కూర్చున్నాను. పక్కింట్లోనే ఉన్న ఆడపడుచును పిలిపించింది. ఇద్దరూ నిలబడి ఉండగా చెప్పాను. డాక్టరమ్మ ఏం చెప్పమంటే నేను ఏం చెప్పానో, ముసలాయనను తెచ్చిన రోజు డాక్టరమ్మతో ఏం అబద్ధమాడానో, ఆమె దాన్ని ఎలా తన మీద వేసుకుందో, అన్నీ. ఎవరూ ఓదార్చలేదు. ఓదారిస్తే బాగుండేది కాదు కూడా.

ఆడపడుచు వదిన వైపు చూసి వాళ్ళ భాషలో ఏదో అంది. ఈమె తలెత్తకుండా చిన్నగా జవాబిచ్చింది. వాళ్ళేమనుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. భర్త తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. తండ్రి కూర్చునే చోటు కాబోలు, అరుగు చివర ఖాళీగా ఉన్న గోడ వైపు చాలాసేపు చూశాడు.

"ఈ కొండెక్కడానికి నీకిన్నేళ్ళు పట్టిందా అమ్మా?" అన్నాడు.

తిట్టలేదు, అరవలేదు. ఆ మాట అని పెరట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగి వెళ్ళేటప్పుడు కూడా నాకు కనిపించలేదు.

ఆమె నాకు చోడి అంబలి ఇచ్చింది. తాగాను. ఇప్పటికీ రోజూ ఆ మాత్ర వేసుకుంటోందట, మోతాదు తగ్గించారట. కోట ఆసుపత్రికి రెండు నెలలకోసారి వెళ్తుంది. నేనూ వేసుకుంటున్నానని చెప్పాను. "నీకూనా?" అని కాస్త ఆశ్చర్యపోయింది. "నోరెండిపోద్దా?" అని అడిగింది. నాది వేరే రకం, నోరు అంత ఎండదు అన్నాను. మొత్తం మీద మేం ఇద్దరం సమానంగా మాట్లాడుకున్నది ఆ ఒక్క నిమిషమే.

ఊరి చివరి దాకా నాతో వచ్చింది. అక్కడ ఆగి, ఆమె చెయ్యి పట్టుకుని, "అక్కా, నన్ను..." అంటూ మళ్ళీ మొదలుపెట్టబోయాను.

"ఒకపాలి సెప్పావు. సాలు," అంది చెయ్యి విడిపించుకుంటూ. "ఇంకా సెప్తే అది నీ కోసవే అవుతాది. నాకేటి?"

కొండ మీద మబ్బు కమ్ముకుంటోంది. అల్లం తడిసిపోతుందని, బేగి వెళ్ళాలని చెప్పి వెనక్కి తిరిగింది. పొలం గట్టు మీద గబగబా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.